స్టూడియో మానిటర్లకు సబ్‌వూఫర్: ఇంట్ల పాటలు మిక్స్ చేసుకునేటోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండల మా ఇంటి వెనుక గదే నా స్టూడియో. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడుగు, పైన స్లాబు, కింద షాబాదు బండలు. జానపదాలు, బతుకమ్మ పాటలు, బోనాల పాటలు, ఎప్పుడన్న ఒక షార్ట్ ఫిల్ముకు సౌండు, ఇదీ నా పని. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి దిక్కు నుంచి ఇంట్లనే పాటలు చేసుకునే తమ్ముళ్లు ఫోన్ చేసి సబ్ (సబ్‌వూఫర్, అంటే కింది బేస్ మాత్రమే వాయించే స్పీకరు పెట్టె) గురించి అడిగేవి ఇంచుమించు ఒక్కతీరే ఉంటయి. చెప్పి చెప్పి నోరు నొచ్చి ఇక్కడ రాసి పెడుతున్న. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క.

ఇంట్ల మిక్సింగుకు సబ్ కావాల్నా అన్నా? మానిటర్లు సరిపోవా?

మిక్సింగంటే గొంతు, వాయిద్యాలు సమంగ కలుపుడు; మానిటర్లంటే ఆ పనికి వాడే స్పీకర్లు. మీ పాట ఎక్కడ మోగుతదో దాన్ని బట్టి ఉంటది. ఫోన్ల వినేటోళ్ల కోసమే అయితే సబ్ లేకున్నా బండి నడుస్తది. కానీ మన దిక్కు జానపదం యూట్యూబుల పుట్టి డీజే మీద పెరుగుతది. గణేశ్ నిమజ్జనంల, పెండ్లి బరాత్‌ల ట్రాక్టరు మీద 18 అంగుళాల బాక్సులు పేర్చి కొడతరు. మీ మానిటర్లు దాచిపెట్టిందంతా ఆ బాక్సులు బజాట్ల పెడతయి.

నాకు ఇది దెబ్బ తిన్నంకనే తెలిసింది. ఒక బోనాల పాటకు గొంతు రికార్డు చేస్తున్న. పాడేటాయన పాడుకుంటనే మడమతోని తాళం వేసిండు. మైకు స్టాండు ఉత్త బండ మీద ఉంది. ఆ మడమ దెబ్బ బండల నుంచి స్టాండుకు, స్టాండు నుంచి మైకుకు ఎక్కింది. నా 5 అంగుళాల మానిటర్లల్ల ఆ చప్పుడు ఆనవాలు కూడా లేదు. గొంతు శుభ్రంగ వచ్చిందని మురిసి ఫైలు పంపిన. ఊర్లె డీజే మీద పెట్టంగనే గొంతు వచ్చిన కాడల్లా కింద దుబ్బు దుబ్బుమని ఇంకోటేదో కొడుతున్నది, అదీ డప్పు తాళానికి కొంచెం వెనుక. డీజే తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, ఇంకో డోలు పెట్టినవా, అది తాళం తప్పుతున్నది" అన్నడు. గొంతు ట్రాకు మీద 90 హెర్ట్జ్ (శబ్దం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క, అంకె తగ్గిన కొద్ది శబ్దం లావు) కింద కోసే ఫిల్టరు ఒక్కటి పెడితే పోయే జబ్బు అది. జబ్బు ఉన్నదని తెలిస్తే కదా మందు వేసేది.

అందుకే సబ్ తెచ్చిన. బేస్ ఎక్కువ పెట్టుకుని మజా చేయాలంటే దానికి వేరే పెట్టెలు ఉన్నయి, చవుకల వస్తయి.

5 అంగుళాల మానిటర్లు ఎంత కిందికి పోతయి?

యమహా హెచ్‌ఎస్5 కాగితం మీద 54 హెర్ట్జ్ దాకా పోతది. అయితే ఆ 54 దగ్గరికి వచ్చేసరికి శబ్దం 10 డీబీ (డెసిబెల్, శబ్దం జోరు కొలత) పడిపోయి ఉంటది. అదే లెక్కన హెచ్‌ఎస్7 43, హెచ్‌ఎస్8 38. జేబీఎల్ 305పీ డబ్బా మీద 43 అని ఉంటది, 3 డీబీ లెక్కన చూస్తే 49. అంకె పక్కన ఎన్ని డీబీ అని రాసిండ్రో చూడకుంట ఒక కంపెనీని ఇంకో కంపెనీతోని పోల్చొద్దు.

ఇప్పుడు ఇటు దిక్కు చూడండి. బేస్ గిటారు అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్. 5 తీగల బేస్ అయితే 31. డీజే పాటలల్ల దుమ్మంటూ సాగే కిక్ ఉంటది కదా, అది 1980ల వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ సంతానం. అది మొదలు 60 దగ్గర కొట్టి 40 కిందికి జారుకుంట పోయేటట్టు పెట్టుకునుడు మామూలే. జారిన సగం మీకు వినపడుతలేదు. వినపడనిదాన్ని పెంచాల్నా తగ్గించాల్నా ఎట్ల తెలుస్తది?

మరి 8 అంగుళాల మానిటర్లే కొంటే అయిపోదా?

అయితది, కొంతవరకు. చిక్కు ఏందంటే మానిటర్లు ఎక్కడ ఉండాల్నో మీ చెవులు నిర్ణయిస్తయి: రెండూ మీకూ సమానంగ దూరం, చెవి ఎత్తున. బేస్ ఎక్కడ మంచిగ వస్తదో గది నిర్ణయిస్తది. ఈ రెండు జాగలు ఒక్కటి కావు. సబ్ వేరే ఉంటే దాన్ని గది ఇష్టప్రకారం జరుపుకోవచ్చు, మానిటర్లను కదిలించే పని లేదు.

పైసలు గట్టిగ లేవంటే మాత్రం నా మాట వినండి. ముందు గదిని సరిచేసుకోండి, తర్వాత మానిటర్లు, ఆఖర్న సబ్. ఈ వరుస తలకిందులు చేసినోళ్లు నాకు మస్తు మంది తెలుసు. అందుల నేను ఒకణ్ని.

మా గది 10 బై 10. అందుల సబ్ పెట్టొచ్చునా?

పెట్టొచ్చు గానీ ముందు టేపు తీయండి. చిన్న గదిల గోడలు కూడా వాయిద్యమే. శబ్దం రెండు గోడల మధ్య అటు ఇటు తిరిగి ఒక ఫ్రీక్వెన్సీ కాడ నిలబడిపోతది. అది ఏదో తెలియాలంటే 565ని గది కొలతతోని, అడుగులల్ల, భాగించండి. శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతది, అందుల సగం ఈ 565. గది 14 అడుగులు ఉంటే 40 హెర్ట్జ్, 12 ఉంటే 47, 10 ఉంటే 56.

నా గది పొడుగుకు 47 వచ్చింది. వెడల్పుకు 56. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే, అదీ 56. అంటే 56 కాడ ఇద్దరు పహిల్వాన్లు ఒక్క మంచం మీద కూసున్నట్టు. కిక్ 55 దగ్గర పడ్డదంటే గది ఊగుతది. అదే కిక్‌ను 65కు జరిపితే నీళ్ల చారు తీరు చప్పగ అయితది. పాట మారలేదు, ప్లగిన్ మారలేదు, గది ఆడిన నాటకం అది. మీది 10 బై 10 గది, స్లాబు కూడా 10 అంటే మూడు కొలతలు ఒక్క అంకె మీద పడతయి. మిక్సింగుకు అంతకంటె పాడు గది ఉండదు, బియ్యం బస్తాలు పెట్టుకునేందుకు మంచిగుంటది. ఇంట్ల ఇంకో గది ఉంటే, 10 బై 13 లెక్క కొలతలు వేరు వేరు ఉన్నది ఉంటే, అందులకు మారండి.

ఇంకోటి, కూసునే జాగ. గది నట్టనడుమ కూసుంటే ఆ మొదటి ఫ్రీక్వెన్సీ దాదాపు మాయమైతది. వెనుక గోడకు వీపు ఆనిస్తే అదే ఉబ్బిపోతది. ముందర గోడ నుంచి గది పొడుగుల 38 శాతం దూరంల కూసోమని చాన మంది చెప్తరు. 12 అడుగుల గదిల అది నాలుగున్నర అడుగులు. అది మొదలుపెట్టేందుకే. కుర్చీ ఒక జానెడు ముందుకు, ఒక జానెడు వెనుకకు జరుపుకుంట వినాలె. మాయమైన కాడ ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని వేరుగ పెంచే, తగ్గించే సాధనం) పెట్టి పెంచితే ఏం రాదు. ఎంత పోసినా ఓటికుండనే.

ఎండకాలం సంగతి ఒకటి చెప్పాలె. 40 డిగ్రీలల్ల శబ్దం 20 డిగ్రీలప్పటి కంటె 3 శాతం జోరుగ పోతది. నా 47 మే నెలల 48 దాటుతది. కొలిచి చూస్తే కనపడతది గానీ, దానికోసం నిద్ర చెడగొట్టుకోవద్దు. నల్లగొండ మే నెలల నిద్ర ఎట్లనో ఉండది.

మాది రేకుల ఇల్లు. మా తాతది మట్టి మిద్దె. ఏదన్న తేడా ఉంటదా?

ఉంటది. రేకుల కప్పు బేస్‌ను ఆపలేదు, సగం బయటికి పోతది. కాబట్టి గదిల దిబ్బదిబ్బ తక్కువ, గల్లీల ఎక్కువ. వాన పడితే మాత్రం దుకాణం బంద్. మట్టి మిద్దె గోడలు మూరెడు మందం ఉంటయి, బేస్ లోపలనే తిరుగుతది. అయితే పాలమూరు దిక్కు పాత మిద్దెలల్ల గూళ్లు, దూలాలు, ఎగుడుదిగుడు గోడలు ఉంటయి కాబట్టి పై శబ్దాలు మంచిగ చెదురుతయి. వనపర్తి దగ్గర ఒక మిద్దెల విన్న గొంతు రికార్డింగు నా స్లాబు గదిల కంటె ఎంతో నయం అనిపించింది.

సబ్ ఎక్కడ పెట్టాలె?

ఎవ్వరూ ఫోన్ల చెప్పలేరు. వెతుక్కోవాలె. దానికి ఒక పాత ఉపాయం ఉన్నది, జర నవ్వొచ్చేటట్టు ఉంటది గానీ పని చేస్తది.

మీరు మిక్స్ చేసేటప్పుడు కూసునే కుర్చీ మీద సబ్ పెట్టండి. మంచి బేస్ లైను ఉన్న పాట, అన్ని స్వరాలకు తిరిగేది, మళ్లీ మళ్లీ మోగేటట్టు పెట్టండి. ఇగ మీరు గోడల వెంబడి నేల మీద మోకాళ్ల మీద పాకుకుంట పోవాలె, చెవి సబ్ ఉండే ఎత్తుల పెట్టి. ఒక కాడ ఒక్క స్వరమే బుంగమని ఉబ్బుతది. ఇంకో కాడ బేస్ లైను సగం మాయం. ఎక్కడో ఒక కాడ అన్ని స్వరాలు ఒక్క సైజుల వినపడతయి. ఆడ సుద్దముక్కతోని గీత పెట్టండి. సబ్ జాగ అదే. మీరు, సబ్ జాగలు మార్చుకున్నా లెక్క ఒక్కటే కాబట్టి ఇది కుదురుతది.

నేను పాకుతుంటే మా అమ్మ గడపల నిలబడి చూసి, "ఏం పోయిందిరా, ఉంగరమా?" అని తనూ వంగి వెతకవట్టింది. నా గదిల గీత ముందు గోడ పక్కన, మూల నుంచి రెండున్నర అడుగుల కాడ పడ్డది. టేబులు కింద నట్టనడుమ పెట్టుకుందాం అనుకున్న జాగల కిక్ సగం చచ్చిపోయింది.

మూలల పెడితే మోత ఎక్కువ వస్తది, ప్రతి గోడ దన్ను ఇస్తది కాబట్టి. చాన మంది అది చూసి ఇదే మంచిదని మురుస్తరు. మోత ఎక్కువైతే మంచిగున్నట్టు కాదు, గది రోగాలన్నీ మూలల నుంచే ఎక్కువ లేస్తయి. వేరే జాగ లేకుంటే మూలల పెట్టి వాల్యూం తగ్గించుకోండి.

వైర్లు ఎట్ల కలపాలె?

ఇంటర్‌ఫేస్ (కంప్యూటరుకు మైకును, స్పీకర్లను కలిపే డబ్బా) నుంచి ఎడమ, కుడి రెండు వైర్లు సబ్ వెనుక ఇన్‌పుట్లకు పోవాలె. సబ్ ఔట్‌పుట్ల నుంచి రెండు వైర్లు మానిటర్లకు. అంతే. సబ్ కింది శబ్దం తన కాడ ఉంచుకుని పైది మానిటర్లకు పంపుతది. అందుకని చిన్న మానిటరు కోను కూడా తేలికపడి గొంతు ఇంకా తేటగ వస్తది. ఇది నాకు ముందు ఎవ్వరూ చెప్పలే, పెట్టినంక ఆశ్చర్యపోయిన.

కొంతమంది వై కేబులు వేసి ఇంటర్‌ఫేస్ నుంచే మానిటర్లకు, సబ్‌కు రెండిటికీ పంచుతరు. అప్పుడు 60, 70 దగ్గర మానిటరూ కొడతది, సబ్బూ కొడతది. ఆ కాడ శబ్దం ఒకదాని మీద ఒకటి ఎక్కి వాస్తది, లేకుంటే ఒకదాన్నొకటి తినేస్తది. మీ సబ్‌కు ఔట్‌పుట్లు లేకుంటే తప్పదు, కానీ కొనేటప్పుడే అవి ఉన్నది చూసి కొనండి. వైర్లు టీఆర్‌ఎస్ గానీ ఎక్స్‌ఎల్‌ఆర్ గానీ బ్యాలెన్స్‌డ్‌వి (బయటి గోల పట్టనివి) తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీల తీసుకునేటప్పుడు జాక్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి, రెండు ఉండాలె. ఒక్కటే ఉంటే అది గిటారు వైరు.

క్రాసోవర్ నాబు ఎంత మీద పెట్టాలె?

క్రాసోవర్ అంటే సబ్ ఎక్కడి దాక వాయించాల్నో, మానిటర్లు ఎక్కడి నుంచి అందుకోవాల్నో చెప్పే గీత. 80 హెర్ట్జ్ మీద మొదలుపెట్టండి. దాని కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పట్టలేదు, కాబట్టి సబ్ పక్కకు ఉన్నా బేస్ నడుమ నుంచే వచ్చినట్టు ఉంటది. 120 దాకా పెంచితే మగగొంతు అడుగుభాగం కూడా సబ్‌ల నుంచి వస్తది. పాడేటాయన టేబులు కింద కూసున్నట్టు వినపడతది.

ఫేజ్ అని స్విచ్ ఉన్నది. అది ఏంది?

మానిటరు కోను ముందుకు వచ్చేటప్పుడు సబ్ కోను వెనుకకు పోతే ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటయి. బండిని ఇద్దరు తోస్తున్నరు, ఒకరు ముందుకు, ఒకరు వెనుకకు. దూరాల తేడాతోని ఇది జరుగుతది. 80 హెర్ట్జ్ అల 14 అడుగుల పొడుగు ఉంటది, అందుల నాలుగో వంతు మూడున్నర అడుగులు, అంటే సబ్ అంత దూరం జరిగినా కథ మారుతది.

80 హెర్ట్జ్ టోను పెట్టండి, క్రాసోవర్ ఎంత ఉంటే అంత. మీ కుర్చీల మీరు కూసోండి, సబ్ కాడ ఒక మనిషిని కూసోబెట్టండి. సున్నా, 180, సున్నా, 180 అని మార్చమని చెప్పండి. ఎటు పెడితే శబ్దం గట్టిగ వస్తదో అటు ఉంచండి. మీరే లేచి పోయి మార్చి వచ్చి కూసుంటే ఆ లోపల చెవి మరిచిపోతది, తల జాగ కూడా మారుతది. రెండిట్ల తేడా లేదంటే సబ్‌ను ఒక అడుగు రెండడుగులు జరిపి మళ్లీ చూడండి.

సబ్ వాల్యూం ఎంత పెట్టాలె? డప్పు అదిరేదాకనా?

డప్పు అదిరేదాక పెట్టినోళ్లే తర్వాత "నా పాటల బేస్ లేదు" అని ఫోన్ చేస్తరు.

సబ్ సరిగ్గ కూసున్నదంటే అది ఉన్నట్టు తెలియదు. ఆపితే మాత్రం పాట కింద నేల తీసేసినట్టు ఉంటది. పెట్టుకునే పద్ధతి చెప్తున్న. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలు కలిసిన హోరు) పెట్టి ముందు ఒక్క మానిటరు, తర్వాత ఒక్క సబ్ విని రెండూ సమం అనిపించే దగ్గర ఆపండి. ఫోన్ల డీబీ యాప్ పెడితే ఒక మాట గుర్తుంచుకోండి: అందుల ఏ, సీ అని రెండు కొలతలు ఉంటయి. 'ఏ' అనే కొలత 50 హెర్ట్జ్‌ను 30 డీబీ తగ్గించి చూపిస్తది, దాంతోని సబ్ కొలుచుడంటే కందెన లేని తక్కెడతోని బంగారం తూచుడే. సీ పెట్టండి. అయినా చాన ఫోన్ల మైకులు కిందిది సరిగ్గ పట్టవు కాబట్టి ఆఖరి తీర్పు చెవిదే. మీకు కంఠతా వచ్చిన, డీజే మీద, కార్ల, పది కాడల విన్న ఒక నాలుగు పాటలు పెట్టి చూడండి. ఒక వారం దానితోని బతికి, నాబు మళ్లీ జర తగ్గించండి. తగ్గించాల్సే వస్తది, రాసిపెట్టుకోండి.

వినే వాల్యూం కూడా ఎప్పుడూ ఒక్కటే ఉండాలె. శబ్దం తక్కువైన కొద్ది చెవి బేస్‌ను ఎక్కువ మరుస్తది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933ల దీన్ని కొలిచి గీతలు గీసి చూపించిండ్రు. అందుకే రాత్రి ఇంట్లోళ్లు పండుకున్నంక మెల్లగ మిక్స్ చేసిన పాట పొద్దున గట్టిగ పెడితే బేస్ మీద పడతది. చిన్న గదిల 75 డీబీ దగ్గర పెట్టుకుని ఇంటర్‌ఫేస్ నాబు పక్కన ఒక టేపు ముక్క అంటించండి.

సబ్ పెట్టంగనే గుయ్‌మని మోత వస్తున్నది. పాడైందా?

చాన వరకు సబ్ మంచిదే ఉంటది, ఇంటి కరెంటుది తప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ గుయ్ అంతా 50, 100 మీద ఉంటది. చిన్న మానిటర్లు ఆ 50ని సరిగ్గ వినిపించలేదు, సబ్ వినిపిస్తున్నది.

ఆడియో వైర్లు అన్నీ పీకి సబ్‌ను ఒట్టి కరెంటు మీద పెట్టండి. మోత పోయిందంటే కరెంటు అర్థింగ్ వైర్ల నుంచి ఆడియో వైర్లకు చుట్టు తిరుగుతున్నదన్నట్టు. కంప్యూటరు, ఇంటర్‌ఫేస్, మానిటర్లు, సబ్ అన్నీ ఒక్క సాకెట్ నుంచి ఒక్క మంచి స్పైక్ బోర్డు మీదికి తీసుకురండి. సగం సార్లు అక్కడనే పోతది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు ఆపి చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడుస్తుంటే జుయ్ అనుడు దాని పుట్టుక గుణం, సైన్ వేవ్‌ది కావాలె.

పాత ఇండ్లల్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటది గానీ మూడో రంధ్రం వెనుక వైరే ఉండది. మా ఇంట్ల అట్లనే ఉండె. వాకిట్ల గుంత తీయించి, రాడ్ దింపి, అర్థింగ్ కొత్తగ చేయించినంక గదిల నిశ్శబ్దం అంటే ఏందో తెలిసింది. మోత పోతదని ప్లగ్గుకు ఉన్న అర్థింగ్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేటోళ్లు ఉంటరు. ఆ పని చేయొద్దు. షాక్ కొడితే ప్రాణం పోతది.

గలగలమని ఏదో మోగుతున్నది, సబ్ ఆపితే పోతున్నది.

బీరువా. లేకుంటే సజ్జ మీది స్టీలు బిందెలు, కిటికీ అద్దం, గోడ మీది దేవుని పటం. 20 నుంచి 120 దాకా మెల్లగ ఎక్కే టోను పెట్టి గదిల తిరగండి. ఏ అంకె కాడ ఏది మోగుతదో తెలుస్తది. మా బీరువా తలుపు 63 కాడ పలికేది. సందుల సైకిల్ ట్యూబు ముక్క కుక్కిన. సజ్జ మీది సామాను వంటింట్లకు పంపిన, దానికి ఇంట్ల వారం రోజులు మాటలు పడ్డ.

ఇంట్ల హోం థియేటర్ సబ్ ఉన్నది. అదే కలిపితే?

కలపొచ్చు, తాత్కాలికంగ. మానిటర్లకు పంపే ఔట్‌పుట్లు చాన వాటికి ఉండవు, మెల్లగ వింటే తనంత తానే నిద్రపోతది, సినిమా పేలుళ్లకు తయారైంది కాబట్టి ఒక్క స్వరం మీదనే బుంగమంటది. కింద ఏమన్న చెత్త ఉన్నదా అని పట్టేందుకు పనికొస్తది. లెవెల్ తేల్చేందుకు నమ్మొద్దు. డీజే బాక్సు తెచ్చి ఇంట్ల పెడదామా అని ఒకతను అడిగిండు. వద్దు తమ్మీ.

గోడలకు గుడ్డు అట్టలు అంటిస్తే బేస్ ఆగుతదా?

ఆగదు. గుడ్డు అట్ట, ఒక ఇంచు ఫోము, ఇవి చప్పట్ల గలగలను జర తగ్గిస్తయి. 50 హెర్ట్జ్ అల 22 అడుగులకు పైన ఉంటది. ఇంచు మందం ఫోమును అది లెక్క కూడా చేయదు.

బేస్‌కు మందం కావాలె, మూలలు కావాలె. 4 నుంచి 6 ఇంచుల రాక్‌వూల్ పలకలు మూలలల్ల అడ్డంగ, వెనుక గాలి సందు ఉంచి, నేల నుంచి స్లాబు దాక పెడితే పని చేస్తయి. చేతి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుంట రాక్‌వూల్ ముట్టొద్దు, దురద రెండు రోజులు వదలదు.

నేను మొదట దూదితోని చేసిన. మన జిల్లాల పత్తికి కొదువ లేదు కదా. నాలుగు పాత దూది పరుపులు విప్పి, ఏకిచ్చి, గోనె సంచులల్ల వదులుగ నింపి రెండు మూలలల్ల స్లాబు దాక నిలబెట్టిన. కిక్ కొట్టినంక వెనుక సాగే ఊఊ తోక సగం తగ్గింది, నిజంగ. గట్టిగ కుక్కితే పని చేయదు, గాలి ఆడాలె. రెండు నెలలైనంక ఒక సంచిల ఎలుక పిల్లలు పెట్టింది. ఇప్పుడు రాక్‌వూల్ వాడుతున్న.

పక్కింటోళ్లు ఊకుంటరా?

నాలుగున్నర ఇంచుల గోడ ఉంటే ఊకోరు. బేస్ గోడల నుంచి, నేల నుంచి పోతది. ఫోము దాన్ని ఆపదు. మా పక్కింటి పెద్దమ్మ ఒకనాడు వచ్చి "బిడ్డా, పిండి గిర్ని పెట్టినవా?" అని అడిగింది. పాట ఒక్క ముక్క వినపడలేదట, దబదబ మాత్రం మంచం కింద నుంచి వచ్చిందట. పై అంతస్తుల ఉన్నోళ్లు సబ్ కింద గట్టి రబ్బరు దిమ్మెలు పెట్టుకోండి, కింది ఇంటికి పోయేది కొంత తగ్గుతది. నేల మీది గదిల బండలు మట్టి మీదనే ఉంటయి కాబట్టి వాటితోని పెద్ద తేడా కనపడది.

శబ్ద కాలుష్య నియమాలు 2000ల వచ్చినయి. ఇండ్లు ఉన్న కాడ పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక 45 డెసిబెల్లు. రాత్రి సబ్ బంద్ పెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

హెడ్‌ఫోన్లు ఉంటే ఇగ సబ్ ఎందుకు?

మంచి హెడ్‌ఫోన్లల్ల గది గొడవ ఉండది, 40 కింద ఏమున్నదో తెలుస్తది. మడమ దెబ్బ లాంటివి పట్టేందుకు సబ్ కంటె అవే చవుక. కానీ బేస్ ఒంటికి తగలది, కాబట్టి ఎంత ఉంటే చాలో అంచనా తప్పుతది. పైసలు లేనన్ని రోజులు హెడ్‌ఫోన్లు, మానిటర్లు మార్చి మార్చి వినండి. తప్పేం లేదు.

గదిని కొలిచేందుకు ఏమన్న ఉన్నదా?

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నది, ఉచితం. దానికి కొలిచే మైకు కావాలె, బెరింజర్ ఈసీఎం8000 లాంటిది. ఇంటర్‌ఫేస్ ఎట్లనో ఉంటది. కుర్చీల తల ఉండే జాగల మైకు పెట్టి ఒక స్వీప్ (కింది నుంచి పైకి ఎక్కే టోను) కొడితే గీత వస్తది. మొదటిసారి ఆ గీత చూసి గుండె జారుతది, అందరికీ జారుతది. ఏ గదిల చూసినా గుట్టలు, లోయలే. గుట్టలను ఈక్యూతోని జర కోయొచ్చు. లోయలను పూడ్చొద్దు, సబ్‌ను జరపండి.

ఎండకు, కరెంటుకు సబ్ తట్టుకుంటదా?

వెనుక ఆంప్ (ఆంప్లిఫయర్) ఉంటది, దానికి గాలి కావాలె. గోడకు అంటించొద్దు, 10, 15 సెంటీమీటర్లు విడవండి. కూలర్ నీళ్ల చెమ్మ మీద పడొద్దు. ఓల్టేజ్ ఎక్కువ తక్కువ అయ్యే ఊర్లల్ల స్టెబిలైజరు పెట్టండి. కరెంటు పోంగనే స్విచ్ ఆపండి, వచ్చేటప్పుడు కొట్టే దెబ్బ స్పీకర్‌కు తగలొద్దు. వేసేటప్పుడు సబ్, మానిటర్లు ఆఖర్న. తీసేటప్పుడు అవే ముందు.

రెండు సబ్‌లు పెడితే మంచిదా?

మంచిదే, రెండు దిక్కుల సమంగ పెడితే గది గుట్టలు, లోయలు కొన్ని సమం అయితయి. రెండు సబ్బులు కొంటున్న అని ఇంట్ల చెప్పిన, లక్సా సంతూరా అని అడిగిండ్రు. ఇంకా కొనలే.

సబ్ పెట్టినంక నా పాటలు ఫోన్ల పలచగ వినపడుతున్నయి. ఎందుకు?

సబ్‌ల 45 హెర్ట్జ్ మంచిగ వినపడుతున్నది కదా అని బేస్ అంతా అక్కడనే పెట్టిండ్రు. ఫోన్ స్పీకర్‌కు అది లేనే లేదు. బేస్ మీద కొంచెం డిస్టార్షన్ (శబ్దాన్ని జర గరుకు చేసే ఎఫెక్టు) వేయండి, 90, 135, 180 కాడ దాని పిల్లలు పుడతయి. పిల్లల గొంతులు వింటే చెవి తల్లిని తనే ఊహించుకుంటది. కొన్ని సబ్‌లకు కాలి స్విచ్ పెట్టే సౌకర్యం ఉంటది, తొక్కితే సబ్ ఆగి మానిటర్లు మాత్రమే మోగుతయి. పాటకు నాలుగైదు సార్లు తొక్కి చూడండి. సబ్ లేనప్పుడు కూడా బేస్ లైను ఏ స్వరం పలుకుతున్నదో తెలిసిందంటే ఫోన్లల్ల కూడా గట్టెక్కుతది.

పాత పాటలు మళ్లీ మిక్స్ చేయాల్నా?

సబ్ వచ్చిన రాత్రి నేను నా పాతవి వరుస పెట్టి విన్న. ఒకదాంట్ల ఫ్యాన్ గాలి మైకుకు కొట్టుడు, ఒకదాంట్ల రోడ్డు మీద లారీ పోవుడు. ఒక బతుకమ్మ పాటలనైతే మూడో చరణం కింద పక్కింట్ల బోరు మోటారు మొదలై, చరణం అయిపోంగనే ఆగింది. లక్షలల్ల చూసిండ్రు ఆ పాటను, ఒక్కరు కూడా అనలే. ఆ ఒక్కటి వదిలేసిన. బోనాల పాట మాత్రం మడమ కోసేసి కొత్త ఫైలు డీజే తమ్ముడికి పంపిన. పాతదే బాగుండె అన్నడు.